ఆరేళ్లు నాకు వినబడని మొదలు: జెనిఫర్ కో ‘వయొలిన్ ఫాంటసీస్’తో పదకొండేళ్లు

ఈ సీడీ నా దగ్గరికి వచ్చి పదకొండేళ్లయింది. అందులో మొదటి ఆరేళ్లు దీని మొదలు నేను వినలేదు. విన్లేదన్న సంగతి నాకు తెలియను కూడా తెలియదు.

మా మేనల్లుడు షికాగోలో చదువుకునే రోజుల్లో సెలవులకు వస్తూ తెచ్చాడు. “మావయ్యా, చిన్నప్పుడు నువ్వు వయొలిన్ నేర్చుకున్నావట కదా, అమ్మ చెప్పింది” అంటూ చేతిలో పెట్టాడు. నేర్చుకున్నది నాలుగేళ్లు. అదీ కర్ణాటక వయొలిన్, వర్ణాలు దాటి రెండు మూడు కీర్తనల దగ్గర ఆగిపోయిన చదువు. పాశ్చాత్య సంగీతం అంటే సినిమాల నేపథ్యంలో వినిపించేదే తప్ప వేరే పరిచయం లేదు. కానీ వాడి సంబరం చూసి కాదనలేకపోయాను.

వయొలిన్ జెనిఫర్ కో, పియానో రేకో ఉచిదా. షికాగోలోనే ఉన్న సెడిల్ అనే చిన్న సంస్థ 2004లో తెచ్చిన రికార్డు. షూబర్ట్, షూమన్, షోన్‌బర్గ్, ఆర్నెట్ కోల్‌మన్, ఈ నలుగురు స్వరకర్తల ఫాంటసీలు, అంటే ఒక చట్రానికి కట్టుబడకుండా స్వేచ్ఛగా సాగే రచనలు, ఇందులో ఉన్నాయి. వాళ్ల గొప్పతనం, వీళ్లకొచ్చిన బహుమతులు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పేది ఎక్కువగా షూబర్ట్ గురించే, అందులోనూ ఆ ఫాంటసీ మొదలయ్యే తొలి క్షణాల గురించే.

మాది సికింద్రాబాద్‌లో రెండో అంతస్తు ఫ్లాటు. హాల్లో ఫ్యాను ఏడాదికి పది నెలలు తిరుగుతూనే ఉంటుంది, పైగా దానికి కొంచెం ఊగు. కింద వీధిలో పాత సామాన్లు కొనే ఆటో మైకు, పక్కింటి మిక్సీ, మా ఇంట్లో కుక్కర్ కూతలు సరేసరి. ఇన్నిటి మధ్య సీడీ పెట్టి కుర్చీలో కూర్చుంటే, కాసేపు ఏమీ వినబడేది కాదు. తర్వాత ఎక్కడినుంచో సన్నగా వయొలిన్ బయటికొచ్చేది. ఒకే స్వరం పట్టుకుని, తొందర లేకుండా పెరుగుతూ. పియానో ఆ తర్వాత ఎప్పుడో వచ్చి చేరినట్టుండేది.

నాకది మహా నచ్చేసింది. తోడు లేకుండా, శ్రుతి లేకుండా, ఖాళీలోంచి ఒంటరిగా మొదలుపెట్టడమంటే ఎంత ధైర్యం! ఇంటికొచ్చిన వాళ్లకల్లా ఈ మాటే చెప్పేవాణ్ణి. ఒకసారి సంగీతం బాగా తెలిసిన నలుగురు మిత్రుల ముందు కూడా “మన దగ్గరైతే తంబురా లేనిదే నోరు తెరవరు, ఈయన చూడండి, వయొలిన్‌ని ఒంటరిగా వదిలేశాడు” అని దబాయించాను. వాళ్లు మర్యాదస్తులు, ఏమీ అనలేదు. ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తర్వాత సీడీ ప్లేయరు పాడైంది. మేనల్లుడే పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోన్లో వేసి, ఒక చిన్న బ్లూటూత్ స్పీకరు కొనమన్నాడు. కొన్నాను. కంపెనీ పేరెందుకులెండి. చూడ్డానికి కొబ్బరి చిప్పంత, చప్పుడు మాత్రం పెళ్లి పందిట్లో మైకంత. మొదట్లో దాన్ని ఎంత పొగిడానో ఆ షాపు వాడిక్కూడా తెలుసు. దాంట్లోనూ వయొలిన్ ఒంటరిగానే మొదలయ్యేది, కాబట్టి నా అభిప్రాయం మరింత గట్టిపడింది.

ఐదేళ్ల కిందట మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోయింది. మామూలుగా అయితే ఇన్వర్టర్ ఉంటుంది. దాని బ్యాటరీలో నీళ్లు పోయమని మా ఆవిడ రెండు నెలలుగా చెబుతోంది, నేను వింటున్నాను. ఆ రాత్రి అది పది నిమిషాలు కుయ్‌కుయ్‌మని చచ్చూరుకుంది. ఫ్యాను ఆగిపోయింది. పక్కింటి ఏసీ ఆగిపోయింది. వాన తగ్గాక వీధి మొత్తం మీద ఒక్క చప్పుడు లేదు. ఆవిడ చాప తీసుకుని బాల్కనీలోకి వెళ్లి పడుకుంది, ఇన్వర్టర్ గురించి ఒక్క మాట కూడా అనకుండా. అనకపోవడమే ఎక్కువ.

నిద్ర పట్టక ల్యాప్‌టాప్ తీశాను. ఛార్జింగ్ సగముంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ షూబర్ట్‌నే నొక్కాను. వెంటనే చెవిలో ఏదో సద్దు. వైరు వదులైందనుకుని పిన్ను తీసి మళ్లీ దూర్చాను. మళ్లీ అదే. హెడ్‌ఫోన్స్ తీసేసి ల్యాప్‌టాప్‌కి చెవి ఆనించాను, అది నిశ్శబ్దంగానే ఉంది. మూడోసారి మొదటికి వెళ్లి, కళ్లు మూసుకుని కూర్చున్నాను.

పియానో! అన్నం వండేటప్పుడు ఎసరు మరగడానికి ముందు గిన్నె అడుగున ఒక సన్న సద్దు మొదలవుతుంది చూడండి, పొంగు రాదు, బుడగ కనబడదు, కానీ నీళ్లలో ఏదో కదిలిందని వంట చేసేవాళ్లకి తెలుస్తుంది. అలా ఉంది. పియానిస్టు వేళ్లు స్వరాల మీద వణుకుతున్నాయి. వినబడీ వినబడనంత మెల్లగా, ఎక్కడా తెగకుండా. దాని మీద, దాని లోంచే, నాకు ఆరేళ్లుగా తెలిసిన ఆ వయొలిన్ స్వరం వచ్చింది. ఒంటరిగా కాదు, ఏ మాత్రం ఒంటరిగా కాదు.

ఆ చీకట్లో నాకు నవ్వొచ్చింది. తంబురా లేని ధైర్యమని అందరికీ చాటి చెప్పిన చోట అచ్చంగా తంబురాయే ఉంది మరి! నాలుగేళ్లే నేర్చుకున్నా శ్రుతి అనేది చెవిలో పడ్డవాడికి ఆ వణుకు ఇంకోలా వినబడదు. ఈ ఫాంటసీ సీ మేజర్లో ఉంటుంది. సీ మేజర్ అంటే మన లెక్కలో ఒకటి శ్రుతిలో శంకరాభరణం మేళం. మా మాస్టారు హార్మోనియం మీద ఒకటి పట్టుకుని, మేం వచ్చి చాపల మీద సర్దుకుని కూర్చునేదాకా వదిలేవారు కాదు. సరిగ్గా అలాగే ఉందనుకుంటూ హాయిగా వెనక్కి వాలాను.

అంతలో కింద నేల జరిగింది. ఇంకో మాట నాకు దొరకడం లేదు. తంబురా కదలదు, అది కదలదన్న నమ్మకం మీదే మన రాగమంతా నడుస్తుంది. ఇక్కడ వయొలిన్ తన దారిన తను పాడుతుంటే, అడుగున ఉన్న ఆ వణుకు ఒక్కో మెట్టూ రంగు మార్చుకుంటూ వెళుతోంది. మన షడ్జమే ఎవరో మెల్లగా పక్కకు లాగుతున్నట్టు. అదే వయొలిన్, అదే తీరు, కానీ అడుగు మారేసరికి అర్థమంతా మారిపోతోంది. ఆరేళ్లపాటు నేను విన్నది పైన పాట మాత్రమే. ఆ పాటకి ఆ దిగులు ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలియకుండానే మెచ్చుకున్నాను.

ల్యాప్‌టాప్ చచ్చిపోయేదాకా విన్నాను. ఫాంటసీ పూర్తి కాలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మర్నాడు పరిశోధన. ఫ్యాను ఆపి, తలుపులేసి, స్పీకరు ముందు కూర్చుని పెట్టాను. మళ్లీ వయొలిన్ ఒంటరి! అంటే తప్పు ఒక్క ఫ్యానుది కాదు. మేనల్లుడికి ఫోన్ చేస్తే వాడు తాపీగా చెప్పాడు: “బ్యాటరీ ఆదా కోసం అది నిద్రపోతుంది మావయ్యా. గట్టి చప్పుడు వస్తేనే లేస్తుంది. మెల్లగా వస్తే ఏమీ రావడం లేదనుకుంటుంది.” సినిమా పాటలకి ఈ ఇబ్బంది ఉండదు, అవి మొదటి క్షణంలోనే డప్పుతో లేపేస్తాయి. షూబర్ట్ లేపే రకం కాదు. వయొలిన్ కాస్త పెరిగాకగానీ స్పీకరుకి మెలకువ రాదు, ఆపాటికి పియానో చెప్పాల్సిన మొదటి మాట చెప్పేసి ఉంటుంది. కొబ్బరి చిప్ప గురించి నేను చేసిన పొగడ్తలన్నీ ఇక్కడితో వెనక్కి తీసుకుంటున్నాను. పాడైందని కాదు, ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. దానికి గొణుగుడు వినే అలవాటు లేదంతే.

దీనికి నేను కనిపెట్టిన ఉపాయం: ఫోన్లో తంబురా యాప్ ఒకటుంది. దాన్ని ఒకటి శ్రుతిలో పెట్టి అరనిమిషం మోగనిస్తాను. స్పీకరు లేచి కూర్చుంటుంది. అప్పుడు తంబురా ఆపీ ఆపగానే షూబర్ట్ నొక్కుతాను. నిద్రపోయే వ్యవధి దానికి ఉండదు. పైగా శ్రుతి కూడా కలుస్తుంది కాబట్టి తంబురాలోంచే పియానో మొదలైనట్టుంటుంది. పెద్దవాళ్లు వింటే ఏమంటారో గానీ నాకు మాత్రం ఈ ఐదేళ్లుగా ఇదే పద్ధతి.

ఈ ఫాంటసీని షూబర్ట్ 1827 డిసెంబరులో రాశాడు. 1828 జనవరి 20న వియన్నాలో మొదటిసారి వాయించారు. వయొలిన్ యోసెఫ్ స్లావిక్, ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, పియానో బోక్లెట్. దాదాపు ఇరవై ఐదు నిమిషాలు ఆగకుండా సాగే రచన. ఒక పత్రిక విమర్శకుడు ఏం రాశాడంటే, మనసుకి సంబంధించిన వినోదాల కోసం వియన్నావాడు కేటాయించగలిగే సమయం కన్నా ఇది కాస్త ఎక్కువ తీసుకుందట, హాలు మెల్లమెల్లగా ఖాళీ అయిందట, తనూ బయటికి వెళ్లిపోయాడు కాబట్టి చివర్లో ఏముందో చెప్పలేనట. షూబర్ట్ ఆ నవంబరులోనే పోయాడు, ముప్ఫై ఒక్కేళ్లకి. ఇది అచ్చయింది 1850లో. మొదటిసారి చదివినప్పుడు ఆ విమర్శకుడి మీద కోపమొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. ఆయన చివర వినలేదు, నేను మొదలు వినలేదు. ఆయన కనీసం ఒప్పుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆయన ఎక్కడ లేచి వెళ్లి ఉంటాడో నాకు తెలుసనిపిస్తుంది కూడా. నడుమ ఒక చోట షూబర్ట్ తన పాత పాట ఒకటి తీసుకుంటాడు. రూకర్ట్ కవితకి కట్టినది, దూరమైపోయిన ప్రియురాలికి వందనాలూ ముద్దులూ పంపే పాట. దాన్ని రకరకాలుగా తిప్పి వాయిస్తారు. మన నెరవులో సాహిత్యం ఒక్కటే ఉండి సంగతులు మారినట్టు. మొదటిసారి ఆ పాట మామూలుగా వచ్చినప్పుడు ఎంత బావుంటుందో! తర్వాత ఇద్దరూ పోటీ మీద స్వరాల వాన కురిపిస్తారు. కో చేతి నేర్పుకి వంక పెట్టడానికి లేదు, ఎంత వేగంలోనూ స్వరం చెదరదు. కానీ దిగులు పాటకి అన్ని నగలెందుకని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ఇది షూబర్ట్‌తో తగవే గానీ వీళ్లతో కాదు. చాలా రాత్రులు నేనిక్కడ వేలు పెట్టి ముందుకి జరిపేసేవాణ్ణి.

జరపకూడదని తర్వాత తెలిసింది. ఎందుకంటే ఆ వాన వెలిశాక మొదటి వణుకు మళ్లీ వస్తుంది. కరెంటు పోయిన రాత్రి ల్యాప్‌టాప్ ఆరిపోయింది ఈ నగల మధ్యలోనే, కాబట్టి ఇలా తిరిగొస్తుందని నాకు ఇంకో వారం దాకా తెలియలేదు. నగలన్నీ మోశాక వింటేనే ఆ గొణుగుడు ఇంటికి చేరినట్టుంటుంది. నేరుగా అక్కడికి దూకి చూశాను, ఆ రుచి రాలేదు. ఆ తర్వాత ఆర్భాటంగా సీ మేజర్లో పరుగు, ఆ పరుగు మధ్యలో ఒక్కసారి ఆగి ఆ పాత పాటని మళ్లీ తలుచుకోవడం, ఆపైన ముగింపు. పాటని తలుచుకునే ఆ చోటు కోసమైనా వియన్నా పెద్దమనిషి కూర్చోవాల్సింది.

ఇంకో సవరణ కూడా చెయ్యాలి. ఇన్నేళ్లూ దీన్ని “జెనిఫర్ కో రికార్డు” అనేవాణ్ణి, పైన కూడా అలాగే రాశాను. నా మటుకు ఇప్పుడిది ఉచిదా రికార్డు. వయొలిన్ స్వరాన్ని పెంచుకుంటూ పోతే అందరికీ కనబడుతుంది. రెండు చేతులతో అన్ని స్వరాలు వణికిస్తూ, వాటిలో ఒక్కటీ పైకి తేలకుండా, వయొలిన్‌ని ముంచకుండా, అలాగని ఆగిపోకుండా వాయించడం ఎవరికీ కనబడని కష్టం. నాబోటివాడు ఆరేళ్లు అసలు లేదనుకున్నాడు కూడా.

మిగతా మూడింటి గురించి క్లుప్తంగా. షూమన్‌ది 1853లో యోఆకిమ్ అనే కుర్ర వయొలినిస్టు కోసం రాసింది, మొదట ఆర్కెస్ట్రాతో. ఇక్కడ ఆర్కెస్ట్రా పనంతా పియానో చేస్తుంది. రాసిన కొన్ని నెలలకే షూమన్ రైన్ నదిలో దూకాడు. ఆ కథ తెలిశాక వినడం మరింత కష్టమైంది తప్ప సంగీతం నాకు దగ్గర కాలేదు. లోపం నాలోనే ఉండొచ్చు, ఏడాదికోసారి ప్రయత్నిస్తూనే ఉన్నాను.

షోన్‌బర్గ్‌ది మాత్రం ఊహించని లాభం. మొదట్లో అది రాగానే మా ఆవిడ వంటింట్లోంచి “ఏమండీ, తలుపు కిర్రుమంటోంది, నూనె వెయ్యండి” అనేది. నేనూ దాటేసేవాణ్ణి. 1949లో, డెబ్బై ఐదో పుట్టినరోజు దగ్గరపడుతుండగా, లాస్ ఏంజెలెస్‌లో ఉంటూ రాశాడు. వయొలిన్ భాగం మొత్తం ముందు రాసేసి, తర్వాత దానికి పియానో కూర్చాడని చదివాక మళ్లీ విన్నాను. పేరులోనే ‘పియానో సహకారంతో’ అని ఉంటుంది. షూబర్ట్ దగ్గర పియానో నేల. ఇక్కడ పియానో పక్కనుంచి అప్పుడప్పుడు ఒక మాట అందించే మనిషి. నేల లేదు కాబట్టి షడ్జం కోసం వెతకడం మానేశాను. మానేశాక తలుపు కిర్రుమనడం తగ్గింది. ఎనిమిది, తొమ్మిది నిమిషాలే, విసుగొచ్చేలోపు అయిపోతుంది. ఇక జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు కోల్‌మన్ రాసినదాంట్లో పియానోయే లేదు, వయొలిన్ ఒక్కటే. తంబురా లేని ధైర్యం అని నేను షూబర్ట్‌కి అంటగట్టిన బిరుదు అసలు ఈయనది.

కొనమంటారా అని అడిగేవాళ్లకి సూటిగా చెప్పలేను. నేను దీన్ని మెచ్చుకోవడంలో సగం ఆ కరెంటు పోయిన రాత్రిది. శ్రుతి బాక్సు పక్కన పెరిగినవాళ్లకి ఆ మొదలు నాకు తగిలినట్టే తగలొచ్చు, పియానో దగ్గర పెరిగినవాళ్లు ఇందులో ఏముంది ఇంత గొడవ అనొచ్చు. షూబర్ట్ ఒక్కటే కావాలనుకుంటే సైమన్ గోల్డ్‌బర్గ్, రాడు లుపు వాయించినది కూడా వినండి. అడోల్ఫ్ బుష్, రుడాల్ఫ్ సెర్కిన్ 1931లో వాయించినది నాకు ఇంకా ఇష్టం. కానీ అది పాత ప్లేట్ల కాలం, ఎంత శుభ్రం చేసినా అడుగున సన్నగా గరగర ఉంటుంది, మొదటి వణుకు దాంట్లో కలిసిపోతుంది. ఆ గొణుగుడు కోసమే అయితే ఈ సీడీనే. కారులో వద్దు. వంట చేస్తూ వద్దు. సాయంత్రం టీ తాగుతూ వినడానికి బావుంటుందని ఇదివరకు చాలామందికి చెప్పాను, అది కూడా వద్దు.

మా ఊళ్లో దీనికి సరైన కాలం డిసెంబరు, జనవరి. చలికి ఫ్యాను అవసరం ఉండదు. రాత్రి పదిన్నర దాటాక తంబురా పెట్టి, ఆపి, షూబర్ట్ నొక్కితే పియానో నిండుగా వినబడుతుంది. ఒక్కటే చిక్కు, ఫ్యాను ఆపితే దోమలు. పోయిన శనివారం ఆ వణుకు మొదలై, వయొలిన్ ఇంకా రాకముందే, ఎడమ చెవి దగ్గర సన్నగా ఒకటి శ్రుతి అందుకుంది. వయొలినే అనుకున్నాను. మా ఆవిడ దోమల బ్యాటు తీసింది.